కంకర గట్టిదో కాదో ఎలా తెలుస్తుంది?

లారీ చక్రం కంకర మీద ఊరికే దొర్లిపోదు. నొక్కుతుంది, రాళ్లను ఒకదానితో ఒకటి రాపాడిస్తుంది. మెత్తటి రాయి ఈ ఒరిపిడికి పొడైపోతుంది, రోడ్డు గుంతలు పడుతుంది. అందుకే రోడ్డు వేయకముందే కంకరకు పరీక్ష పెడతారు.

దాని పేరు లాస్ ఏంజెలెస్ పరీక్ష. 70 సెంటీమీటర్ల వ్యాసమున్న ఉక్కు పీపాలో, ముందే కడిగి ఆరబెట్టిన కంకరను తూచి పోస్తారు. పరిమాణాన్ని బట్టి 5 లేదా 10 కిలోలు. దానితోపాటు క్రికెట్ బంతి కన్నా చిన్నవైన ఉక్కు గుండ్లు కొన్ని. పీపా లోపలి గోడకు ఒక పలక బిగించి ఉంటుంది. పీపా తిరుగుతుంటే ఆ పలక రాళ్లనూ గుండ్లనూ పైకి ఎత్తి ధబేలున పడేస్తుంది. పీపా నిమిషానికి 30 చుట్లకు పైగా తిరుగుతుంది. మామూలు కంకరకు 500 చుట్లు, కొన్ని రకాలకు 1000. చెవులు గింగురుమంటాయి!

తర్వాత 1.7 మిల్లీమీటర్ల రంధ్రాల జల్లెడలో పోస్తారు. కిందికి రాలిన పొడి ఎంతైతే, అరిగిపోయింది అంత. తారు రోడ్డు పై పొరకు వాడే కంకరలో అది 30 శాతం మించకూడదు.

దెబ్బకు ఆగిన రాయి కూడా ఎండావానలకు చిట్లిపోవచ్చు. అందుకే సోడియం సల్ఫేటు ద్రావణంలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెడతారు, 5 సార్లు. రాతి సన్నటి రంధ్రాల్లో ఉప్పు స్ఫటికాలు పెరిగి లోపలి నుంచి నెడతాయి. నాకు ఈ పరీక్షే ఎక్కువ ఇష్టం: ఏళ్ల తరబడి జరిగే అరుగుదలను కొద్ది రోజుల్లో చూపిస్తుంది.