వాట్లు చూసి మోసపోకండి!

పండక్కో, పెళ్ళిరోజుకో ఇంట్లోకి మంచి స్పీకర్లు కొందామనుకుంటున్నారా? పిల్లలకేమో హాలు దద్దరిల్లాలి. మనకేమో పోపు చిటపటల మధ్య కూడా పాట స్పష్టంగా వినబడాలి. షాపులో అడగ్గానే "వెయ్యి వాట్లు మేడమ్" అంటారు. వాట్లెక్కువైతే మోత ఎక్కువేగా అని మనమూ తలూపేస్తాం. కానీ లెక్క వేరు.

వాట్లంటే స్పీకరు ఎంత పవరు తట్టుకోగలదో చెప్పే అంకె. ఆ పవర్లో ఎంత శబ్దంగా మారుతుందో తెలియాలంటే 'సెన్సిటివిటీ' చూడాలి. స్కూటరుకి మైలేజీ ఎలాగో స్పీకరుకి ఇది అలాగన్నమాట. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో అదే సెన్సిటివిటీ. మామూలు ఇంటి స్పీకర్లకి 85 నుంచి 90 దాకా ఉంటుంది. 95 దాటితే బాగా మోగే రకం.

87కీ 96కీ తొమ్మిదేగా తేడా అనుకోకండి. మూడు డెసిబెల్స్ పెరగాలంటే పవరు రెట్టింపు కావాలి. 96 ఉన్న స్పీకరు 10 వాట్లతో చేసే మోతకి, 87 ఉన్నదానికి 80 వాట్లు పొయ్యాలి! అంటే మంచి స్పీకరుంటే చిన్న ఆంప్లిఫయరు చాలు.

మరి అందరూ అవే కొనరేం అంటారా? చోటు కావాలి కదా! పెద్ద మోత, లోతైన బేస్, చిన్న పెట్టె... ఈ మూడూ ఒకచోట దొరకవు. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1946లో కంపెనీ పెట్టి తయారుచేసిన 'క్లిప్ష్‌హార్న్' సెన్సిటివిటీ సుమారు 105. అది గది మూలనే బూరలా వాడుకుంటుంది. కానీ నాలుగడుగులు దాటిన బీరువాలాంటి పెట్టె!

కొనేముందు ఇవి గమనించండి:

* 'పీఎంపీవో' వాట్లు పట్టించుకోకండి. 'ఆర్‌ఎంఎస్' ఎంతో అడగండి.

* సెన్సిటివిటీ ఒక వాటు లెక్కా, 2.83 వోల్టుల లెక్కా అని కనుక్కోండి. 4 ఓమ్‌ల స్పీకరుకి వోల్టుల లెక్కలో అంకె మూడు ఎక్కువ కనిపిస్తుంది.

* మీకు బాగా తెలిసిన పాట తీసుకెళ్ళి, పెద్దగా పెట్టించి పది నిమిషాలు వినండి. చెవులు గీరుకుపోతున్నట్టుంటే వద్దనేయండి.

* చిన్న ఆంప్లిఫయరుని చివరిదాకా తిప్పకండి. శబ్దం చీలిపోయి ట్వీటరు కాలిపోవచ్చు.

ఇక అసలైన జాగ్రత్త చెవులది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే నాలుగు గంటలే. పిల్లలకి ఇంకా తక్కువ ఉండాలి. పక్కనున్నవాళ్ళతో అరిచి మాట్లాడాల్సి వచ్చినా, పాట ఆపాక చెవిలో గుయ్‌మన్నా వెంటనే సౌండు తగ్గించేయండి. స్పీకరు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. పోయిన వినికిడి తిరిగి రాదు కదా!