టీషర్టు చెప్పే లెక్క
ఫ్యాక్టరీలు ఏ దేశానికి, ఎందుకు పోతాయి: అపోహలు – వాస్తవాలు

టీ కొట్టు దగ్గర్నుంచి టీవీ చర్చ దాకా అందరిదీ ఒకటే మాట: కూలి ఎక్కడ చౌకైతే ఫ్యాక్టరీ అక్కడికి పరుగెడుతుందని. అదే నిజమైతే ప్రపంచంలోని చొక్కాల్లో సగం ఈపాటికి ఇథియోపియాలో కుట్టి ఉండాలి.

అపోహ: కూలి తక్కువైన చోటుకే ఫ్యాక్టరీ పోతుంది

ఒక సాదా నూలు టీషర్టు తీసుకుని లెక్క వేద్దాం. బంగ్లాదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి గార్మెంట్ కార్మికుల కనీస వేతనం నెలకు 12,500 టాకాలు. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున చూస్తే గంటకు 60 టాకాలు పడుతుంది. కటింగు నుంచి ప్యాకింగు దాకా అందరి చేతులూ కలిపి ఒక్కో టీషర్టుకు పావుగంట పట్టిందనుకుందాం. కూలి 15 టాకాలు, అంటే పన్నెండు పదమూడు అమెరికా సెంట్లు. అదే టీషర్టు మూడు డాలర్ల ధరకు అమెరికా రేవులో దిగితే దాని మీద మామూలు సుంకం 16.5 శాతం, దాదాపు 50 సెంట్లు. ఈమధ్య వేస్తూ తీస్తూ ఉన్న అదనపు సుంకాలను ఇందులో కలపలేదు. కుట్టిన వాళ్లందరికీ కలిపి ముట్టినదానికి నాలుగింతలు కస్టమ్స్‌కు పోతోంది. కూలి సగానికి తగ్గించే దేశం కన్నా సుంకం మాఫీ ఉన్న దేశమే బయ్యర్‌కు ముద్దని వేరే చెప్పాలా?

ఇథియోపియాకు ఈ రెండూ కలిసొచ్చాయి. అమెరికా 2000లో ఆఫ్రికా దేశాల కోసం తెచ్చిన ‘అగోవా’ చట్టం ప్రకారం ఆ దేశం బట్టలకు అప్పట్లో సుంకం ఉండేది కాదు. కూలి సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడి హవాసా పారిశ్రామిక పార్కులో మూల వేతనం నెలకు 26 డాలర్లని, గార్మెంట్ రంగంలో ప్రపంచం మొత్తం మీద అదే అతి తక్కువని 2019లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం అధ్యయనం ఒకటి తేల్చింది. కాల్విన్ క్లైన్, టామీ హిల్ఫిగర్ బ్రాండ్ల యజమాని పీవీహెచ్ అక్కడికి వెళ్లింది. మన రేమండ్ కూడా వెళ్లింది.

తర్వాత తెలిసొచ్చింది, 26 డాలర్లతో హవాసాలో గది అద్దె కట్టి కడుపు నింపుకోవడం కుదరదని. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు నాలుగు నెలలు చేసి ఇంటిదారి పట్టేవారు. సగటున ఏడాది తిరిగేసరికి పనివాళ్లంతా మారిపోయేవారని అదే అధ్యయనం చెప్పింది. కుట్టు చేతికి పట్టుబడేలోపే మనిషి వెళ్లిపోతే లైన్ ఎలా నడుస్తుంది? పైగా ఇథియోపియాకు సముద్రం లేదు. సరుకు పొరుగు దేశం జిబూటీ రేవుకు చేరాలి. రాజధాని అడిస్ అబాబా నుంచే ఆ రేవుకు రైలు దారి 750 కిలోమీటర్ల పైమాట, హవాసా రాజధానికి ఇంకా దక్షిణాన ఉంది. 2020 నవంబరులో దేశం ఉత్తరాన టిగ్రే యుద్ధం మొదలైంది. ఏడాదికి పీవీహెచ్ తన ఫ్యాక్టరీ మూసేస్తున్నానంది. ఆ యుద్ధం కారణంగానే 2022 జనవరి 1న అమెరికా సుంకం మాఫీ కూడా తీసేసింది. కూలి మాత్రం చౌకగానే ఉంది.

అపోహ: పెద్ద బ్రాండే వచ్చి ఫ్యాక్టరీ పెడుతుంది

బ్రాండు చాలాసార్లు ఆర్డరు ఇచ్చి ఊరుకుంటుంది. షెడ్డు వేసి, మిషన్లు దించి, రిస్కు మోసేది నడుమ ఉన్న తయారీదారు. తడ పక్కన మాంబట్టులో అడిడాస్ బూట్లు కుట్టే అపాచీ తైవాన్ వాళ్లది. అచ్యుతాపురంలో బ్రాండిక్స్ శ్రీలంకది. కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డ అమ్మాయిల్లో చాలామంది తాము కుట్టే బ్రాండు దుకాణం మెట్లు ఎక్కి ఉండరు.

బంగ్లాదేశ్ కథ దీనికి మంచి ఉదాహరణ. 1974 నుంచి ధనిక దేశాలు ఒక్కో దేశానికి ఇన్ని బట్టలే అని కోటా కట్టాయి. దక్షిణ కొరియా కోటా నిండిపోయింది. బంగ్లాదేశ్ నుంచి బట్టల ఎగుమతి దాదాపు లేదు కాబట్టి దానికి కట్టడీ లేదు. కొరియా కంపెనీ దేవూ ఆ సందు చూసి బంగ్లాదేశ్ కంపెనీ దేశ్ గార్మెంట్స్‌తో చేయి కలిపింది. 1979లో 130 మందిని బుసాన్ తీసుకెళ్లి ఆరు నెలలు పని నేర్పింది. తర్వాతి ఏళ్లలో వాళ్లలో 115 మంది దేశ్‌ను వదిలి వేరే ఫ్యాక్టరీలకు వెళ్లారు, కొందరు సొంతంగానే పెట్టారు. ఇంత నష్టం ఏ కంపెనీకీ రాకూడదు, ఇంత లాభం ఏ దేశానికీ ఊరికే రాదు!

ఇంకో రెండు పనులు ప్రభుత్వం చేసింది. ఎగుమతి కోసం తెచ్చే గుడ్డను దిగుమతి సుంకం లేకుండా బాండెడ్ గోదాముల్లో ఉంచుకోనిచ్చింది. విదేశీ బయ్యర్ తెరిచిన ఎల్‌సీని (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) చూపించి, దాని మీదే గుడ్డ కొనుగోలుకు మరో ఎల్‌సీ తెరిపించుకోనిచ్చింది. చేతిలో పైకం లేనివాడు కూడా ఆర్డరు కాగితంతో ఫ్యాక్టరీ నడపగలిగాడు. ఈ రెండో వెసులుబాటు మాట మన చర్చల్లో ఎవరూ ఎత్తరు. నా లెక్కలో చౌక కూలీ కన్నా దీనికే ఎక్కువ మార్కులు.

అపోహ: ఉచితంగా భూమి, పన్ను రాయితీ ఇస్తే ఎవరైనా వస్తారు

కార్ల కంపెనీ కియాకు పెనుకొండలో భూమి, రాయితీలు, గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి నీళ్లు ఇచ్చిన మాట నిజమే. 2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్. అయితే కియా హ్యుందాయ్ ఇంటి పిల్ల. శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ 1998 నుంచి కార్లు చేస్తోంది, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు అప్పటికే పాతుకుపోయి ఉన్నాయి. చెన్నై రేవు ఉంది. పెనుకొండ పక్కనుంచే జాతీయ రహదారి 44 పోతుంది. ఇవన్నీ కుదిరాకే రాష్ట్రాల మధ్య వేలంపాట మొదలవుతుంది. చివరికి మిగిలిన రెండు మూడు చోట్లలో ఏదో ఒకటి తేల్చడానికి రాయితీ పనికొస్తుంది. అవే రాయితీలతో, దగ్గర్లో విడిభాగం దొరకని చోటికి కార్ల కంపెనీని లాక్కురావడం కష్టం.

అపోహ: చైనా ఖాళీ అవుతోంది

శాంసంగ్ 2019లో హుయిజౌలో మూసిన ఫ్యాక్టరీతో చైనాలో ఆ కంపెనీ సొంత ఫోన్ల తయారీ ముగిసింది, నిజమే. అయితే అది వియత్నాంలోని బాక్ నిన్‌లో ఫోన్లు చేయడం మొదలుపెట్టింది 2009లో, అమెరికా–చైనా సుంకాల గొడవకు తొమ్మిదేళ్ల ముందు. దాని వెంట కొరియా విడిభాగాల కంపెనీలు కూడా వరసకట్టి వెళ్లాయి. చైనాకు మేం చౌక కూలి కోసం వెళ్లడం లేదని, అచ్చులు తయారుచేసే ఇంజినీర్లు అక్కడ దొరికినంత మంది అమెరికాలో దొరకరని ఆపిల్ అధిపతిగా టిమ్ కుక్ 2017లోనే అన్నాడు.

వియత్నాం ఇప్పటికీ అన్నిటికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకునేది చైనా నుంచే. లాంగ్ సన్ సరిహద్దు గేటు దాటితే బాక్ నిన్ రెండు మూడు గంటల దారి. చైనా సరుకు లారీలు ఆ గేటు దాటి వస్తూనే ఉన్నాయి.