గోడకు రంగు తర్వాత, ముందు నీటికి దారి: వానలు రాకముందే ఇంట్లోవాళ్లు చేసుకోగల మరమ్మతులు

రంజాన్ దగ్గర పడుతోందంటే చాలా ఇళ్లలో సున్నాలు, రంగుల హడావిడి మొదలవుతుంది. బీరువాలు జరుపుతారు, పాత రంగు గోకుతారు, పండగ నాటికి ఇల్లు తళతళలాడేలా చేస్తారు. తీరా మొదటి పెద్ద వాన పడేసరికి అదే గోడ మీద అదే చోట మళ్లీ మరక. వారం తిరక్కుండానే రంగు పొక్కుతుంది, పెచ్చులు రాలతాయి, బీరువా వెనక బూజు వాసన. ఇంట్లో పెద్దవాళ్లు పెయింటర్‌ని తిడతారు, పిల్లలు రంగు కంపెనీని తిడతారు. చాలాసార్లు తప్పు ఆ ఇద్దరిదీ కాదు. గోడలోకి నీరు వచ్చే దారి మూయకుండా పైన రంగు పూయడమే అసలు పొరపాటు.

ఇందులో క్యాలెండర్ చిక్కు కూడా ఒకటుంది. చాంద్రమానం ప్రకారం రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. అందుకే కొన్నేళ్లు ఎండాకాలంలో, కొన్నేళ్లు నడి వానాకాలంలో, మరికొన్నేళ్లు చలిలో వస్తుంది. వానలు మాత్రం అలా జరగవు. నైరుతి రుతుపవనాలు తెలుగు రాష్ట్రాలకు మామూలుగా జూన్ మొదటి సగంలో వస్తాయి. నెల్లూరు, కడప వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కూడా గట్టి వానలు ఉంటాయి. కాబట్టి రంగులు పండగకు వేసుకున్నా, డాబా పని మాత్రం ఎండాకాలంలోనే ముగించుకోవాలి. గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చే అన్నో, తమ్ముడో చేయి వేస్తాడనుకుంటే ఆ సెలవును కూడా ఈ లెక్కతోనే చూసుకోవడం మంచిది.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోంది?

పని మొదలుపెట్టే ముందు ఒక రోజు చూడటానికే కేటాయించాలి. మరక ఉన్న చోటే చాలావరకు జవాబు చెబుతుంది.

మరక పైకప్పులో, లేదా గోడ పైభాగంలో ఉండి వాన పడ్డాక పెరుగుతుంటే నీరు డాబా నుంచి దిగుతోంది. నేల నుంచి మీటరు ఎత్తు వరకు గోడ చెమ్మగా ఉండి, తెల్లటి ఉప్పు పొడిలా పొంగుతుంటే నీరు పునాది నుంచి పైకి పాకుతోంది. వానతో సంబంధం లేకుండా ఏడాదంతా ఒకేచోట తడి ఉంటే గోడకు అటువైపు బాత్రూమో, వజూ చేసే కుళాయో, పైపో ఉందేమో చూడాలి. ఇంట్లో నల్లాలన్నీ కట్టేసి, గంట తర్వాత కూడా మీటరు తిరుగుతుంటే పైపు ఎక్కడో కారుతున్నట్టే.

అనుమానం తీరకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కవరు ముక్కను గోడకు పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించాలి. ఒకటి రెండు రోజులాగి తీయాలి. కవరుకు గోడవైపు నీటి చెమట పడితే తడి గోడలోనే ఉంది. గదివైపు పడితే అది గాలిలోని తేమ. వంటింటి ఆవిరి, మూసి ఉంచే కిటికీలు దానికి కారణం. దానికి వాటర్‌ప్రూఫింగ్ అక్కర్లేదు. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే చాలు.

డాబా మీద నాలుగు పనులు

వాన నీటి లెక్క తెలిస్తే డాబా ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 100 గజాల డాబా మీద 50 మి.మీ. వాన కురిస్తే 4,000 లీటర్ల పైచిలుకు నీరు చేరుతుంది. అంత నీరూ ఒకటి రెండు గొట్టాల్లోంచే బయటికి పోవాలి. ఆ గొట్టం మూతికి ఒక పాలిథిన్ కవరు అడ్డం పడితే డాబా చెరువైపోతుంది.

అందుకే మొదటి పని శుభ్రం చేయడం. గొట్టాల మూతుల్లో పేరుకున్న ఆకులు, మట్టి, గాలిపటాల దారం తీసేసి జాలీ బిగించాలి. బకెట్ నీరు పోసి, కింద ధారగా పడుతోందో లేదో చూడాలి. ఆ ధార పక్కింటి గోడ మీద పడకుండా మోచేతి పైపు వేస్తే గోడా బాగుంటుంది, పొరుగువారితో మాటా బాగుంటుంది.

రెండో పని వాలు చూడటం. డాబా మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు చొప్పున గొట్టం వైపు వాలి ఉండాలి. కొలవడానికి రసమట్టం లేకపోయినా ఫర్వాలేదు. నీళ్లు చల్లి, అరగంట తర్వాత ఎక్కడ నిలిచాయో చాక్‌పీసుతో గీత గీసుకుంటే సరిపోతుంది. చిన్న గుంటలను పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. డాబా మొత్తం వాలు తప్పి ఉంటే మాత్రం అది మేస్త్రీ పని.

మూడో పని పగుళ్లు. వెంట్రుకవాసి పగులు మీద సిమెంటు పాలు పూస్తే ఒక్క ఎండకే మళ్లీ విడిపోతుంది. ఉలి, సుత్తితో పగులు పొడవునా సెంటీమీటరు లోతు గాడి తీయాలి. వైర్ బ్రష్‌తో దుమ్మంతా దులిపి, కొద్దిగా తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక కలిపి, డబ్బా మీద చెప్పిన కొలతలో వాటర్‌ప్రూఫ్ లేటెక్స్ చేర్చి నింపాలి. డాబా, పిట్టగోడ కలిసే మూల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. అక్కడ నిటారు మూల వదలకుండా, నీరు జారిపోయేలా గుండ్రంగా మాలు పట్టించాలి. తర్వాత వారం రోజులు గోనె సంచి కప్పి తడుపుతూ ఉండాలి. ఈ తడపడంలో బద్ధకిస్తే పడ్డ కష్టమంతా వృథా.

నాలుగో పని పూత. నాచు గోకి, కడిగి, డాబా పూర్తిగా ఎండాకే పూత వేయాలి. నాచుకు బ్లీచింగ్ పౌడర్ నీళ్లు వాడేవారు దాన్ని టాయిలెట్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు వస్తుంది. అక్రిలిక్ వాటర్‌ప్రూఫ్ కోటింగ్‌ను మొదటిసారి నిలువుగా, అది ఆరాక రెండోసారి అడ్డంగా వేయాలి. పగుళ్ల మీద, మూలల దగ్గర రెండు పూతల మధ్య ఫైబర్ వల పరిస్తే పగులు మళ్లీ పైకి రాదు. మిట్టమధ్యాహ్నం కాలే శ్లాబు మీద పూత వేస్తే పట్టు లేకుండానే ఎండిపోతుంది. ఉదయం పూటే మంచిది.

తెల్లటి పూత ఎంచుకుంటే ఇంకో లాభం ఉంది. ఎండను వెనక్కి తిప్పికొడుతుంది కాబట్టి కింది గది వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ ఉద్దేశంతోనే.

పాత సున్నపు ఇళ్ల సంగతి వేరు

హైదరాబాద్ పాతబస్తీలోనూ, కర్నూలు వంటి పాత ఊళ్లలోనూ రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. 1591 నాటి చార్మినార్ కట్టడంలోనూ బంధం సున్నమే. సున్నపు గోడ తడిని పీల్చుకుని మెల్లగా బయటికి వదులుతుంది. అలాంటి గోడకు సిమెంటు ప్లాస్టరో, ప్లాస్టిక్ లాంటి పెయింటో వేస్తే తడి లోపలే ఇరుక్కుంటుంది. అప్పుడు రాలేది కొత్త ప్లాస్టర్ ఒక్కటే కాదు, దాంతోపాటు పాత గోడ పొర కూడా ఊడి వస్తుంది. ఈ ఇళ్లకు సున్నపు మాలు, సున్నపు పూతే సరైన వైద్యం.

సున్నాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పచ్చి సున్నపు రాళ్లు నీళ్లలో పడగానే సలసల కాగుతాయి. వాటిని ప్లాస్టిక్ బకెట్‌లో కాకుండా ఇనుప డ్రమ్ములో నానబెట్టాలి. నీళ్లలోకే కొద్దికొద్దిగా సున్నం వేయాలి తప్ప సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. కంట్లో పడితే ఆలస్యం చేయకుండా ధారగా నీళ్లు పోస్తూ కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పాత రంగు గోకేటప్పుడు

పాత తలుపులు, కిటికీ చువ్వల మీది ఎనామెల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి చేరుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. తడిపి రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి, ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవాలి. గర్భిణులు, చిన్నపిల్లలు ఆ రోజులు వేరే గదిలోనో, బంధువుల ఇంట్లోనో ఉంటే మేలు.

మేడ మీద తోట: బరువు మరిచిపోవద్దు

డాబా బాగుపడ్డాక నాలుగు కుండీలు పెట్టాలనిపించడం సహజం. పుదీనా, కొత్తిమీర, కరివేపాకు, గోంగూర, ఒక మూల గోరింటాకు మొక్క. బిర్యానీకి పుదీనా కోసం ప్రతిసారీ బజారుకు పోనక్కర్లేదు. బజారు నుంచి తెచ్చిన కట్టలోని ముదురు కాడలనే గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు పోస్తాయి. వజూ నీళ్లలో సబ్బు ఉండదు కాబట్టి వాటిని బకెట్‌లో పట్టి కుండీలకు పోసుకోవచ్చు. పిట్టగోడకు వెదురు తడిక కట్టి బీర తీగో, మల్లె తీగో పాకిస్తే ఇంట్లో ఆడవాళ్లు సాయంత్రం పూట ఎవరి చూపూ పడకుండా కాసేపు పైన కూర్చోవచ్చు.

బాగు చేసిన డాబా మళ్లీ పాడయ్యేది కూడా ఈ తోటతోనే. మనుషులు తిరిగే డాబాకు ఇంజినీర్లు సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు లెక్కేస్తారు. శ్లాబు మీద నేరుగా అడుగు మందం మట్టి పోస్తే, తడిసినప్పుడు అది చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది. అందుకే మట్టి మడులు వద్దు, కుండీలే ముద్దు. వాటిని శ్లాబు నడిమధ్యలో కాకుండా కింద గోడలు, దూలాలు ఉన్న వరుసలో పెట్టాలి. మట్టి, కొబ్బరి పొట్టు, ఎరువు సమపాళ్లలో కలిపితే బరువు తగ్గుతుంది. ప్రతి కుండీని ఇటుకల మీదో, స్టాండు మీదో ఎత్తుగా ఉంచితే కింద తడి ఆరుతుంది, వేళ్లు శ్లాబులోకి పోవు. పిట్టగోడ మీద మాత్రం కుండీ పెట్టకూడదు. ఒక్క గాలివాన చాలు, అది కింద నడిచేవాళ్ల తల మీద పడటానికి.

సొంతంగా చేయి పెట్టకూడనివి

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాద్‌లో కురిసిన కుండపోత వానకు బండ్లగూడలో గోడ కూలి ఇళ్ల మీద పడింది. చిన్నపిల్లలతో సహా పలువురు చనిపోయారు. ఎత్తు నేలకు ఆనుకుని ఉన్న ప్రహరీ వెనక నీరు నిండితే ఆ ఒత్తిడి గోడను తోసేస్తుంది. అలాంటి గోడ ఒరిగినా, ఉబ్బినా, పగులు రోజురోజుకూ పెరుగుతున్నా దాని పక్కన పడుకోవడం మానేసి ఇంజినీరును పిలవాలి. గోడ కింది భాగంలో నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవడం వరకే ఇంటివాళ్ల పని.

శ్లాబు పెచ్చులు ఊడి లోపలి చువ్వలు ఎర్రగా కనిపించినా అంతే. ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉబ్బి, కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. దాని మీద ప్లాస్టర్ పూస్తే లోపం కనిపించకుండా పోతుందే గానీ తుప్పు ఆగదు. కర్రతో తడితే బోలుగా డొల్ల శబ్దం వచ్చే చోటు కింద మంచం, ఉయ్యాల ఉంచకూడదు.

కరెంటు సంగతి సరేసరి. చెమ్మ గోడలో స్విచ్‌బోర్డు ఉంటే మెయిన్ ఆపకుండా గోకడం, కడగడం ప్రాణాల మీదికి తెస్తుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ఎలక్ట్రీషియన్‌తో అది పెట్టించుకోవడం రంగుల కన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు. బయటి గోడకు నిచ్చెన వేసుకుని రంగు వేయడం కూడా అలవాటైన పనివాళ్లకే వదిలేయాలి. అద్దె ఇల్లయితే శ్లాబు, గోడల పని ముందు యజమానికి చెప్పి, వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని, బిల్లులు దాచుకోవాలి.

ఏది ముందు, ఏది తర్వాత

వరుస ఒక్కటే గుర్తుంటే చాలు. ముందు గొట్టాలు, వాలు. తర్వాత పగుళ్లు, పూత. ఆ తర్వాత గోడను ఆరనివ్వడం. చాలామంది ఓపిక పట్టనిది ఇక్కడే. ఏళ్ల తరబడి తడిసిన గోడ ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కవరు పరీక్షలో చెమట పట్టడం ఆగాకే పుట్టీ, ప్రైమర్, రంగు. పండగ మధ్యలో వచ్చేస్తే ఆ ఒక్క గోడను గోకి, శుభ్రంగా తుడిచి, రంగు లేకుండానే వదిలేయడం మేలు. ఈద్ నాడు సేవయ్యా తినడానికి వచ్చిన చుట్టాలు గోడను చూసి ఒక మాట అంటే అననీ. వచ్చే వానకు ఆ గోడ పొడిగా ఉంటుంది, రంగు డబ్బులూ మిగులుతాయి.