వ్యాపార భద్రతకు రెండవ తాళం

బ్యాంకులో లాకరు తీసుకున్నవారు తమ తాళపు చెవి ఒక్కదానితో దానిని తెరవలేరు. బ్యాంకు ఉద్యోగి తన వద్ద ఉన్న చెవిని కూడా తిప్పవలసి ఉంటుంది. ఒక చెవి దొంగ చేతికి చిక్కినా సొత్తు భద్రంగానే ఉంటుంది. కంప్యూటరు ద్వారా సాగే వ్యాపారంలో ఈ సూత్రమే రెండంచెల ధ్రువీకరణగా ప్రవేశించింది. అయితే ఒక భేదం ఉన్నది. లాకరు వద్ద మనుషులు ఇద్దరు; ఇక్కడ మనిషి ఒక్కడే. తాను ఫలానావాడినని అతడు రెండు వేర్వేరు విధాలుగా రుజువు చేసుకోవాలి.

రుజువులు మూడు జాతులు: మనిషికి తెలిసినది, అంటే పాస్‌వర్డు, అతని చేతిలో ఉన్నది, అంటే ఫోను వంటి సాధనం, అతని శరీరానికి చెందినది, అంటే వేలిముద్ర వంటిది. రెండు రుజువులూ రెండు జాతులవై ఉండాలి. రెండు పాస్‌వర్డులు అడిగినంత మాత్రాన ప్రయోజనం లేదు. ఒకటి రాసిపెట్టుకున్న కాగితం మీదనే రెండవదీ ఉంటుంది కదా!

పాస్‌వర్డుకు ఒక విచిత్రమైన బలహీనత కలదు. తాళపు చెవి పోతే జేబు ఖాళీ అవుతుంది, యజమాని గ్రహిస్తాడు. పాస్‌వర్డు పోయినప్పుడు ఏదీ ఖాళీ కాదు. అది ఇద్దరి వద్ద ఉన్నదన్న సంగతి నష్టం జరిగే వరకు తెలియదు.

అట్టి నష్టం ఎంత పెద్దదో 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు చవిచూసింది. ఆ బ్యాంకు కంప్యూటర్లలో చొరబడిన దుండగులు దాని పేరిటనే న్యూయార్కులోని ఫెడరల్ రిజర్వు బ్యాంకుకు ఆదేశాలు పంపారు. వారు కోరినది సుమారు 95 కోట్ల డాలర్లు. అందులో చాలా భాగం ఆగిపోయింది. శ్రీలంకకు పంపిన 2 కోట్ల డాలర్లు ఒక అక్షర దోషం పుణ్యమా అని తిరిగి చేతికందాయి. ఫిలిప్పీన్స్‌కు మాత్రం 8 కోట్ల 10 లక్షల డాలర్లు చేరిపోయాయి. ఆ తరువాత బ్యాంకుల మధ్య సందేశాలు నడిపే స్విఫ్ట్ సంస్థ, సభ్య బ్యాంకులు పాటించవలసిన భద్రతా నియమాలలో ఒకటికి మించిన రుజువులు కోరడాన్ని చేర్చింది.

మన దేశంలో రిజర్వు బ్యాంకు అంతకు ముందే మేల్కొన్నది. ఇంటర్నెట్‌లో కార్డు ద్వారా జరిపే చెల్లింపులకు, కార్డుపై కనిపించని అదనపు ఆధారం 2009 ఆగస్టు 1 నుండి తప్పనిసరి అయింది. సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లు విధానంలో ఈ నియమం మెట్లు మెట్లుగా వచ్చింది: 2025 జనవరి 1 నుండి 20 కోట్ల రూపాయలకు మించిన వ్యాపారులకు, ఫిబ్రవరి 1 నుండి 5 కోట్లకు మించినవారికి, ఏప్రిల్ 1 నుండి తక్కిన అందరికీ వర్తించింది.

నియమం వచ్చినా అలవాటు మారనిచోట చిక్కు మొదలవుతుంది. అనేక దుకాణాలలో యజమాని, గుమాస్తా, లెక్కలు చూసే ఆడిటరు ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో లోనికి ప్రవేశిస్తారు. ఓటీపీ యజమాని ఫోనుకు వస్తుంది. లారీ కదలవలసిన వేళ గుమాస్తా ఫోను చేస్తాడు, యజమాని అంకెలు చదివి వినిపిస్తాడు. కొన్నాళ్లకు ఎవరు అడిగినా అంకెలు చెప్పడం ఆయనకు అలవాటవుతుంది. మోసగాడు కనిపెట్టుకుని ఉండేది సరిగ్గా ఆ అలవాటు కోసమే. దీనికి విరుగుడు ఈ-వే బిల్లు విధానంలోనే ఉన్నది: గుమాస్తాను ఉప-వినియోగదారుగా నమోదు చేస్తే అతని ఓటీపీ అతని ఫోనుకే వస్తుంది. ఏ బిల్లు ఎవరు చేశారో కూడా తెలుస్తుంది.

రెండవ రుజువులన్నీ సమానమైనవి కావు. ఎస్సెమ్మెస్ ద్వారా వచ్చే అంకెలు, మోసంతో మరొక సిమ్ కార్డు సంపాదించినవాడికి చేరిపోగలవు. ఫోనులోని ధ్రువీకరణ యాప్ ఇంతకంటె మేలు. మొదట నమోదు చేసినప్పుడు పంచుకున్న ఒక రహస్య సంఖ్యను అది గడియారపు సమయంతో కలిపి, సాధారణంగా 30 సెకన్లకు ఒకసారి కొత్త అంకెలు పుట్టిస్తుంది. సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది. అయినా నకిలీ వెబ్‌సైటులో ఆ అంకెలను తానే నమోదు చేసినవానిని యాప్ కాపాడలేదు. కంప్యూటరుకు తగిలించే చిన్న భద్రతా తాళం మాత్రం అసలు వెబ్‌సైటు చిరునామాకే స్పందిస్తుంది. బ్యాంకు ఖాతాను, సంస్థ ఈ-మెయిలును నిర్వహించేవారికైనా దానిని కొనివ్వడం ఉచితం.

ఫోను పోయిన రోజున యజమానే బయట నిలబడిపోకుండా, నమోదు సమయంలో ఇచ్చే అత్యవసర సంకేతాలను కాగితంపై ముద్రించి ఇనప్పెట్టెలో ఉంచాలి. ఉద్యోగి పని మానిన నాడు అతని లెక్క తేల్చడంతో పాటు అతని ప్రవేశాన్నీ ఆ సాయంత్రమే రద్దు చేయాలి.