కత్తిసాము ఆటయైన విధము

మిషను పాఠశాల పత్రికలో కత్తిని గూర్చి వ్యాసమేల యని తలిదండ్రులలో కొందఱు శంకింపవచ్చును. మేము చెప్పబోవు కత్తికి పదును లేదు. మొనయు మొద్దుగానే యుండును. దీనితో ఆడు ఆటకు ఫెన్సింగ్ అని పేరు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల జాతరలలో కఱ్ఱసాము చూడని బాలుడు అరుదు. కుప్పము సరిహద్దు కావలి తమిళులు దీనిని పోలిన సామును సిలంబము అందురు. గురువునకొక పట్టు, ఊరికొక అడుగు. చూచుటకు ముచ్చటయే గాని, ఇద్దఱిలో ఎవడు గెలిచెనో తేల్చుట కష్టము. తేల్చినను పొరుగూరివాడు ఒప్పుకొనడు. ఐరోపాలోను కత్తిసాము ఒకప్పుడు ఊరికొక తీరుననే యుండెను. అచ్చటి ద్వంద్వయుద్ధములలో ప్రాణములే పోయెడివి. దానిని ఆటగా మార్చినది నియమము.

1896లో ఏథెన్సున జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్ క్రీడలలోనే ఫెన్సింగ్ ఉండెను. 1913లో అంతర్జాతీయ సమాఖ్య యేర్పడి, అన్ని దేశములకును నియమములు ఒక్కటే యగుటకు దారి చేసెను. ఆడుచోటు 14 మీటర్ల పొడవుగల సన్నని బాట. ఆయుధములు మూడు. ఫాయిల్ మొన మొండెమునకే తగులవలెను. ఎపే మొన శరీరమున ఎచ్చట తగిలినను చెల్లును. సేబర్‌తో నడుమునకు పైభాగమున, మొనతోనే గాక అంచుతోను కొట్టవచ్చును. కంటికి అందని దెబ్బలను తెలుపుటకు విద్యుద్దీపములు వచ్చినవి: ఒలింపిక్ క్రీడలలో ఎపేకు 1936లోను, ఫాయిల్‌కు 1956లోను, సేబర్‌కు 1992లోను. తగవులు తగ్గినవే గాని పోలేదు. ఏలయనగా ఫాయిల్, సేబర్లలో ఇద్దఱును ఒక్కసారి కొట్టినయెడల, దాడి ఎవరిదో నిర్ణయించువాడు నేటికిని మనుష్యుడే.

అపాయము లేదా? 1982లో రోము నగరపు ప్రపంచ పోటీలలో ఎదిరి కత్తి విఱిగి ముసుగును చీల్చుకొని పోగా, సోవియట్ క్రీడాకారుడు వ్లదీమిర్ స్మిర్నోవ్ గాయపడి కొన్నిదినములకు మరణించెను. ఆ పిమ్మట ముసుగులను, కత్తుల ఉక్కును, దుస్తులను మునుపటికంటె గట్టివిగా చేయించిరి. బిడ్డలను ఈ ఆటకు పంపువారు మొదట అడుగవలసినది ముసుగును గూర్చియే.

మన దేశమున ఫెన్సింగ్ సంఘము 1974లో పుట్టెను. ప్రభుత్వపు గుర్తింపు 1997లో లభించెను. ఇరువదిమూడేండ్లు! ఆటకు పేరు తెచ్చినది మాత్రము ఒక పాఠశాల బాలిక. చెన్నపట్టణపు భవానీదేవి 2004లో, తక్కిన ఆటలలో స్థానములు నిండిపోగా, మిగిలియున్న దీనిని చేపట్టెను. విద్యుత్ కత్తులు మిక్కిలి వెలగలవి గనుక వెదురుకఱ్ఱలతో అభ్యసించెను. 14వ యేట, టర్కీలో తన తొలి అంతర్జాతీయ పోటీకి మూడు నిమిషములు ఆలస్యముగా రాగా, నల్లచీటి చూపి వెలుపలికి పంపిరి. గంట మ్రోగిన పిమ్మట వచ్చు మా విద్యార్థులు ఈ వాక్యమును రెండుమాఱులు చదువుదురు గాక. 2021లో టోక్యోలో ఒలింపిక్ ఫెన్సింగ్ ఆడిన తొలి భారతీయురాలై, ట్యునీషియా యువతిని 15-3తో గెలిచి, ఫ్రాన్సు దేశపు మనాన్ బ్రూనేతో 7-15గా ఓడెను. 2023లో ఆసియా పోటీలలో కాంస్యపతకము పొందెను. ఆ పోటీలలో మన దేశమునకు అదియే మొదటిది.

కఱ్ఱసాము నేర్చిన బాలునికి చూపును, దూరమును కొంత తెలిసియే యుండును. అతడు క్రొత్తగా నేర్వవలసినది చుట్టుతిరుగుట మాని ముందువెనుకలకే అడుగు వేయుట. ఆటస్థలమున 14 మీటర్ల బాటను సున్నముతో గీయుటకు ఒక పూట చాలును. ముసుగులకు మాత్రము ధనము కూడబెట్టవలెను, అవి వచ్చువఱకు వెదురుకఱ్ఱతోనైనను ఎదురెదురుగా నిలువరాదు.