గట్టి గోడకు కర్టెన్ రాడ్డు



ఈ పూట మీతో మాట్లాడబోయేది పెద్ద విషయమేమీ కాదు. కిటికీ మీద కర్టెన్ రాడ్డు బిగించడం గురించి. దీనికి కూడా ఒక ప్రసంగమా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. యానాం కనకాలపేటలో మా అక్కయ్యగారింట్లో జరిగిన సంగతి చూసేదాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఆ ఇంటి పడమటి గదిలో కిటికీ కింద మంచం ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటిందంటే ఎండ సూటిగా మంచం మీదకే వస్తుంది. కూతురు పురిటికి వచ్చింది. పసివాడి మొహాన ఎండ పడుతోందని మందపాటి కర్టెన్లు కుట్టించి, రాడ్డు బిగించడానికి ఒక కుర్రవాణ్ణి పిలిచారు. గంటలో పని అయిపోయింది. పదిహేను రోజులు బాగానే ఉంది. ఒకనాటి సాయంత్రం అక్కయ్య కర్టెను పక్కకు లాగింది. లాగీ లాగడంతో ఒక కొస బ్రాకెట్టు అరచేతంత ప్లాస్టరింగు పెళ్లతో సహా ఊడి, రాడ్డు మంచం మీద పడింది. అప్పుడే పిల్లవాణ్ణి స్నానానికి ఎత్తుకెళ్లారు కనుక సరిపోయింది. వాడి బొంత ఇంకా పక్క మీదే ఉంది. దాని మీద ఇనప రాడ్డు.

మర్నాడు నేను వెళ్లేసరికి అక్కయ్య ఆ ముక్కలన్నీ ఒక పళ్లెంలో పెట్టి నా ముందుంచింది. "చూడు తమ్ముడూ, గోడే నాసిరకమా, పనే నాసిరకమా?" అంది. పెళ్లలో ఇరుక్కున్న ప్లాస్టిక్ ప్లగ్గు తీసి చూశాను. అంగుళంన్నర ఉండాల్సిన ప్లగ్గు ముప్పావు అంగుళమే ఉంది. మిగతాది బ్లేడుతో కోసేశారు. ఆ కుర్రవాణ్ణే పిలిపించి అడిగాం. "ఆయ్, లోపలికి దిగలేదండి. రాయిలా ఉందండి. అందుకనే కోసి పెట్టానండి" అన్నాడు. పాపం, ఉన్నమాటే చెప్పాడు. గోడ గట్టిగా ఉంది కదా, సగం ప్లగ్గయినా ఆగుతుందిలే అనుకున్నాడు. మనలో చాలామంది అనుకునేదీ అదే. చిక్కంతా అక్కడే ఉంది.

ఎందుకో చెబుతాను. మన కంటికి కనిపించేది గోడ కాదు, గోడ మీది పూత. సున్నం వెనక సిమెంటు ప్లాస్టరింగు అర అంగుళం ఉంటుంది. కట్టుబడి వంకరగా ఉన్నచోట ముప్పావు అంగుళం దాకా వేస్తారు. అసలు గోడ దాని వెనక మొదలవుతుంది. ప్లాస్టరింగు గోడకు కట్టిన బట్టలాంటిది. బట్టకు బిందె వేలాడదీస్తే బట్టతో సహా కిందకు వస్తుంది. మా అక్కయ్యగారింట్లో ముప్పావు అంగుళం ప్లగ్గులో అర అంగుళానికి పైగా ప్లాస్టరింగులోనే ఉండిపోయింది. గట్టి భాగంలోకి వెళ్లింది పావు అంగుళమైనా లేదు.

మరి లోపల రాయిలా తగిలినదేమిటి? కిటికీ పైన ఉండేది ఇటుక కాదండి. పై ఇటుకల బరువు కిటికీ చట్రం మీద పడకుండా అక్కడ ఇనప చువ్వలతో కాంక్రీటు పోస్తారు. దాన్నే లింటెలు అంటాం. మామూలు ఇళ్లలో అది ఆరంగుళాల ఎత్తుంటుంది. కిటికీకి అటూ ఇటూ కూడా ఇంచుమించు ఆరేసి అంగుళాలు గోడలోకి చొచ్చుకుని ఉంటుంది. కొన్ని ఇళ్లలో అయితే లింటెలును కిటికీతో ఆపకుండా ఇంటి చుట్టూ నడుముకు బిగించిన పట్టీలా పోస్తారు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను ఇక్కడి ఇళ్లకు ఏం చేసిందో మీకు చెప్పనక్కరలేదు. తుపాను గాలికి గోడలు విడిపోకుండా ఆ పట్టీ పట్టి ఉంచుతుంది. అక్కయ్యగారి ఇల్లు ఆ తరువాత కట్టినదే, చుట్టూ పట్టీ ఉంది. అలాంటి ఇంట్లో ఆ ఎత్తున ఎక్కడ డ్రిల్లు పెట్టినా కాంక్రీటే. రోడ్డుకు ఇటు పుదుచ్చేరి, అటు ఆంధ్ర; పాలన వేరైనా కాంక్రీటు ఒకటే, తంటా కూడా ఒకటే.

అసలు ప్లగ్గు పనిచేసే తీరు తెలిస్తే దాన్ని కోయడానికి చేయి రాదు. 1911 ప్రాంతంలో ఇంగ్లండులో రాలింగ్స్ అనే ఆయన గోడలు పెద్దగా చెడకుండా కరెంటు సామాను బిగించే ఉపాయం కోసం దీన్ని కనిపెట్టాడు. ఆయన పేరు మీదే మన ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ రావల్ ప్లగ్గు అంటారు. మొదట్లో అది ప్లాస్టిక్కు కాదు, జనపనార. ఇప్పుడు మనం వాడే రెక్కల ప్లగ్గును 1958లో జర్మనీలో ఆర్తుర్ ఫిషర్ నైలానుతో తయారు చేశాడు. సూత్రం మాత్రం రెండింటికీ ఒకటే. మర లోపలికి దిగేకొద్దీ ప్లగ్గు ఉబ్బి రంధ్రం గోడలను నొక్కుతుంది. ఆ నొక్కుడే పట్టు. ఎక్కువగా ఉబ్బేది ప్లగ్గు లోపలి కొస. కుర్రవాడు కోసి పారేసింది సరిగ్గా దాన్నే.

ఇక బరువు సంగతి. రెండు మందపాటి కర్టెన్లు, రాడ్డు కలిపి ఆరు కిలోలనుకుందాం. ఒక్కో బ్రాకెట్టుకు మూడు కిలోలు. ఇంతేనా అనిపిస్తుంది. కాని రాడ్డు గోడకు మూడంగుళాలు ముందుకు ఉంటుంది. బ్రాకెట్టుకు పైనొక మర, కిందొక మర, మధ్య రెండంగుళాల ఎడం. రాడ్డు కిందికి లాగుతుంటే కింది మర దగ్గర బ్రాకెట్టు గోడకు అదుముకుంటుంది, పై మర బయటికి ఊడి రావాలని చూస్తుంది. ఆ పై మర మీద లాగుడు సుమారు నాలుగున్నర కిలోలు. పదికిలోల పిల్లవాడు బ్రాకెట్టు పక్కన కర్టెను పట్టుకుని ఊగాడనుకోండి, ఇంకో పదిహేను కిలోలు కలుస్తాయి. ఒక్కసారి కుదిపితే ఇంకా ఎక్కువే. కాబట్టి రెండు మరల్లో ఏదైనా ఒకటి బాగా కుదరకపోతే అది కిందిది కావాలి గాని పైది కాకూడదు. మనవాళ్లు సాధారణంగా పై రంధ్రంతోనే మొదలుపెట్టి, అది సరిగ్గా రాకపోతే కిందిదైనా గట్టిగా ఉంది కదా అని వదిలేస్తారు.

ఇప్పుడు పని ఎలా చేయాలో చూద్దాం. మామూలు డ్రిల్లు తిరుగుతుందే గాని కాంక్రీటును కొట్టదు. తిరుగుతూ దెబ్బ కూడా వేసే హ్యామర్ డ్రిల్లు కావాలి. హార్డ్‌వేరు షాపులో అద్దెకు దొరుకుతుంది. బిట్టు కొసకు కార్బైడు ముక్క అతికి ఉండాలి. అది అరిగిపోయి ఉంటే డ్రిల్లు ఎంత మంచిదైనా వేడెక్కడం తప్ప ఫలితం ఉండదు. ఎనిమిది మిల్లీమీటర్ల ప్లగ్గుకు ఎనిమిది మిల్లీమీటర్ల బిట్టే వాడాలి. ముందు మేకుతో ఒక చిన్న గుంట చేసి, దెబ్బ ఆపి నెమ్మదిగా మొదలుపెడితే బిట్టు జారదు. ప్లాస్టరింగు దాటాక దెబ్బ పెట్టాలి. ఎంత లోతు కావాలో కొలిచి బిట్టు మీద ఇన్సులేషన్ టేపు చుట్టుకోండి. ప్లాస్టరింగు మందం, దాని మీద ప్లగ్గు పొడవు మొత్తం, ఆపైన ఇంకో పావు అంగుళం. ప్లగ్గును ప్లాస్టరింగు దాటించి లోపలికి దించండి, మర ఆ మేరకు పొడుగుది తీసుకోండి. రంధ్రంలో పొడి ఉండిపోతే ప్లగ్గు పొడినే పట్టుకుంటుంది, గోడను కాదు. సైకిలు పంపుతో ఊదండి. నోటితో ఊదితే నేరుగా కళ్లలోకే వస్తుంది.

ఆ పొడి రంగు కూడా చూడండి. ఎర్రగా వస్తే ఇటుక, బూడిద రంగులో వస్తే కాంక్రీటు లేదా సిమెంటు అతుకు, తెల్లగా మెత్తగా రాలితే సున్నపు గచ్చు. గోడ లోపలి సంగతి తెలుసుకోవడానికి ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు.

బిట్టు అంగుళం దిగి, ఉన్నట్టుండి కంగున మోగి ఆగిపోయిందంటే ఇనప చువ్వ తగిలినట్టు. అక్కడ బలం ఉపయోగించకండి. బిట్టు పోతుంది, దానికన్నా ముఖ్యం, ఉప్పుగాలి తగిలే మన ప్రాంతంలో గీసుకుపోయిన చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. కర్టెను కోసం లింటెలును పాడుచేసుకోవడం తెలివైన బేరం కాదు. ఒక అంగుళం పక్కకు జరగండి, వదిలేసిన రంధ్రాన్ని సిమెంటుతో పూడ్చేయండి. పెద్ద చువ్వలు లింటెలు అడుగునా, పైనా ఉంటాయి, నడిమిన అడ్డు రింగులు మాత్రమే అక్కడక్కడ తగులుతాయి. అందుచేత కిటికీ చట్రానికి రెండంగుళాల పైనుంచి నాలుగంగుళాల లోపు రంధ్రాలు పెడితే చువ్వ తగిలే అవకాశం తక్కువ.

అయినా నన్నడిగితే, లింటెలుతో ఇంత పేచీ లేకుండా ఒక మార్గం ఉంది. కిటికీ కన్నా అటూ ఇటూ అరడుగు ఎక్కువ పొడవుండే టేకు పట్టీ, మూడంగుళాల వెడల్పుది, ముందు గోడకు బిగించండి. దాన్ని నాలుగైదు చోట్ల, చువ్వ తగలని చోటు చూసుకుని, పొడుగు మరలతో పట్టించవచ్చు. తరువాత బ్రాకెట్లు ఆ చెక్కకు మీకు కావలసినచోట. రాడ్డు బరువంతా అన్ని మరల మీదా పంచుకుంటుంది. రేపు కర్టెను మార్చినా గోడ జోలికి వెళ్లనక్కరలేదు. రంగు వేస్తే చూడ్డానికీ బాగుంటుంది.

1954లో ఫ్రెంచి పాలన ముగియక ముందు కట్టిన పాత ఇళ్లలో ఇంకా సున్నంతో కట్టిన లావు గోడలు ఉన్నవారు మాత్రం హ్యామరు వాడకండి. అతుకులు పొడిగా రాలిపోతాయి. ఇటుక నడిమిని చూసి, దెబ్బ లేకుండా మెల్లగా తొలవండి. ఆ కిటికీల టేకు చట్రాలు చాలాచోట్ల నేటికీ గట్టిగానే ఉంటాయి; రాడ్డు చట్రానికే బిగించుకుంటే గోడతో పనే లేదు. పూర్వం గోడలో చెక్కమేకులు కొట్టి వాటికి మరలు వేసేవారు. ఆ చెక్క వానలకు ఉబ్బి, ఎండలకు కుంచించుకుని క్రమంగా వదులవుతుంది. రంధ్రం వదులైతే అగ్గిపుల్లలు, కాగితాలు కుక్కడం కూడా మనకు అలవాటే. అది వారం రోజుల మందు. రంధ్రాన్ని శుభ్రం చేసి ఒక సైజు పెద్ద ప్లగ్గు వేయడమే దారి.

మరలు ఇనపవి కొనకండి. స్టెయిన్‌లెస్ స్టీలువి కొద్దిగా ఖరీదైనా, గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకు అవే మేలు. ఇత్తడి మరలు వేయాలనుకుంటే ముందు అదే కొలత ఇనప మర ఒకసారి దించి, తీసి, ఆపైన ఇత్తడిది బిగించండి. లేకపోతే సగంలో తల తెగిపోతుంది. మరకు కాస్త సబ్బు రాస్తే సులువుగా దిగుతుంది.

ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరు చేసినా ఒక మాట. స్విచ్చి బోర్డుకు నిలువునా పైన డ్రిల్లు పెట్టవద్దు, లోపల తీగల పైపు ఉంటుంది. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కవద్దు. చెమట చేతులతో, తడి నేల మీద డ్రిల్లు పట్టవద్దు. కళ్లజోడు, ముక్కుకు తడి తువ్వాలు ఉంచుకోండి. మంచం పక్కకు లాగండి, పిల్లలను గదిలోకి రానివ్వకండి.

అక్కయ్యగారింట్లో ఆ కుర్రవాడి చేతనే మళ్లీ పని చేయించాం. హ్యామర్ డ్రిల్లు నేనే అద్దెకు తెప్పించాను. రెండు రంధ్రాలకు చువ్వ తగిలితే జరిపాడు, ఒక్క ప్లగ్గునూ కోయలేదు. టేకు పట్టీకి ఐదు మరలు వేసి, రసమట్టం పెట్టి సరిచూసి, రాడ్డు పెట్టాక బావగారు వచ్చి రెండు చేతులా దాన్ని పట్టుకుని వేలాడబోయారు. "మీ బరువుకు లెక్క వేయలేదండీ" అని నేను ఆపాను. అక్కయ్య మాత్రం మంచాన్ని కిటికీ కిందకు మళ్లీ జరపనివ్వలేదు; ఎదురు గోడ దగ్గరే వేయించింది.