ఒకే మాత్ర, ఒక్కో ఒంటికి ఒక్కో తీరు

ఒకే మందు ఒకరికి పడి ఇంకొకరికి ఎందుకు పడదో ఇవాళ చెప్పుకుందాం.

1975లో లండన్‌లోని సెయింట్ మేరీస్ వైద్య కళాశాలలో రాబర్ట్ స్మిత్ అనే శాస్త్రవేత్త, తన తోటివాళ్లతో పాటు డెబ్రిసోక్విన్ అనే బీపీ మాత్ర వేసుకున్నాడు. ఒంట్లోకి వెళ్లాక అది ఏమవుతుందో చూద్దామని. మిగతావాళ్లు బాగానే ఉన్నారు. ఆయనకి మాత్రం బీపీ బాగా పడిపోయి లేచి నిలబడలేకపోయాడు. ఆరా తీస్తే, ఆ మందుని మార్చి బయటికి పంపాల్సిన ఎంజైము ఆయన కాలేయంలో సరిగా పనిచేయడం లేదని తేలింది. దాన్ని తయారుచేయించే జన్యువు పేరు సీవైపీ2డీ6. మన 22వ క్రోమోజోము మీద ఉంటుంది.

స్కిజోఫ్రీనియాకీ, బైపోలార్ జబ్బుకీ, ఆటిజం ఉన్న పిల్లల్లో పట్టలేని చిరాకుకీ వాడే రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ మందులు కూడా ఈ ఎంజైము చేతిలోకే వెళ్తాయి. పిండిమరనే చూడండి. రాళ్లు కొత్తగా ఉన్న మర తెచ్చిన గింజల్ని తెచ్చినట్టే ఆడించేస్తుంది. రాళ్లు అరిగిన మర ముందు బస్తాలు పేరుకుపోతాయి. రక్తంలో రిస్పెరిడోన్ సగానికి తగ్గడానికి ఎంజైము బాగున్నవాళ్లకి సుమారు 3 గంటలు పడితే, లేనివాళ్లకి 20 గంటలు పడుతుంది. అయితే అది మారాక పుట్టే పదార్థం కూడా మందులాగే పనిచేస్తుంది కాబట్టి, తేడా కొంత సర్దుకుంటుంది. అరిపిప్రజోల్‌కి మాత్రం, ఈ ఎంజైము లేదని తెలిసినవాళ్లకి మామూలు డోసులో సగమే ఇవ్వాలని అమెరికాలో మందు వివరపత్రంలోనే రాసి ఉంటుంది. ఇంకో సంగతి: జన్యువు బాగున్నా, దిగులుకి ఇచ్చే ఫ్లూయాక్సిటిన్ ఈ ఎంజైముకి అడ్డం పడుతుంది. అందుకే వాడే మందులన్నీ డాక్టరుకి చెప్పాలి.

ఇక ఒళ్లు రావడం. ఈ మందులు వాడే పిల్లల్ని ఎక్కువ బాధపెట్టేది ఇదే. 4 నుంచి 19 ఏళ్లవాళ్లు మొదటిసారి ఈ మందులు వాడినప్పుడు ఏమవుతుందో 2009లో ఒక అమెరికన్ పరిశోధన చూసింది. సుమారు 11 వారాల్లో, ఇదే కోవకి చెందిన ఒలాంజపిన్ వాడినవాళ్లు సగటున 8.5 కిలోలు, అరిపిప్రజోల్ వాడినవాళ్లు 4.4 కిలోలు పెరిగారు. కానీ ఒకే మందు మీద ఉన్న ఇద్దరు పిల్లలు కూడా ఒకే లెక్కన పెరగరు. మెదడులో ఆకలిని అదుపుచేసే ఎంసీ4ఆర్ జన్యువుకి దగ్గర్లోని ఒక చిన్న మార్పు ఉన్నవాళ్లు ఎక్కువ పెరుగుతున్నారని 2012లో మరో పరిశోధన చూపింది. తిండి, నిద్ర, కదలిక, జబ్బు తీరు కూడా ఇందులో పాలుపంచుకుంటాయి. జన్యువొక్కటే అన్నీ తేల్చేయదు.

అందుకని, మందు మొదలుపెట్టాక ఆకలి ఆగని పిల్లని తిండిపోతు అని వెక్కిరించకండి. అది ఆమె చేతిలో లేదు. ఇంట్లో ఎవరికైనా ఏదైనా మందు పడకపోతే ఆ సంగతి డాక్టరుతో తప్పకుండా చెప్పండి. బరువు, నడుము కొలత, షుగరు, కొలెస్టరాల్ మొదటి రోజునుంచే చూపించుకోండి. తిప్పలు వచ్చాయని మందు మీ అంతట మీరు మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. డోసు తగ్గించాలన్నా, మందు మార్చాలన్నా డాక్టరు ద్వారానే చేయండి.